"కుక్కే కదా" అన్నారని కన్నీళ్ళు ఆపుకోకండి: పెంపుడు జంతువు పోయాక మనసుకు ఏమవుతుంది

(తెర మీద: గోడ మేకుకు వేలాడుతున్న మెడపట్టీ, గొలుసు. కాసేపు నిశ్శబ్దం.)

పెంపుడు కుక్క చనిపోయిన ఇంట్లో మొదటి వారం మనిషిని అన్నిటికంటే ఎక్కువగా కుంగదీసేది దినచర్యే. తెల్లవారగానే చెయ్యి అలవాటుగా గొలుసు కోసం గోడ వైపు వెళ్తుంది. తలుపు తీసేటప్పుడు కుక్క బయటికి దూకకుండా కాలు అడ్డం పెట్టబోయి, అడ్డం పెట్టాల్సిన అవసరం ఇక లేదని గుర్తొచ్చి, గుమ్మంలోనే ఆగిపోతాం. దూరాన ఉండే ఆత్మీయులు పోయినప్పుడు బాధ జ్ఞాపకాల మీదుగా వస్తుంది, కానీ మన మంచం పక్కనే పడుకుని, మన అడుగుల చప్పుడుతో లేచిన ప్రాణి పోయినప్పుడు ఆ లోటు రోజుకు పదిసార్లు ఒంటికే తగులుతుంది. పిల్లి మెడలోని గంట వినిపించినట్టు అనిపించడం, సోఫా మూలన నీడ కదిలినట్టు తోచడం కూడా ఈ రోజుల్లో సహజమే, అది మతి చలించడం కాదు.

ఈ అనుబంధానికి శరీరంలోనూ ఆధారం ఉంది. తల్లీబిడ్డల బంధంలో పాత్ర వహించే ఆక్సిటోసిన్ అనే హార్మోను, కుక్క, దాని యజమాని ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ పెరుగుతుందని జపాన్ పరిశోధకులు 2015లో ప్రచురించారు.

(తెర మీద: పాత రాతిగని చిత్రం.)

ఈ అనుబంధం ఇవాళ్టిది కాదు. జర్మనీలోని బాన్ నగరం దగ్గర ఒబెర్‌కాసెల్‌లోని రాతిగనిలో 1914లో ఒక సమాధి బయటపడింది. దాదాపు 14,000 ఏళ్ళ నాటి ఆ సమాధిలో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితో పాటు ఒక కుక్కపిల్ల ఉన్నాయి. ఆ కుక్కపిల్ల పళ్ళను పరిశీలించిన శాస్త్రవేత్తలు, దానికి డిస్టెంపర్ అనే, కుక్కల ప్రాణాల మీదికి తెచ్చే వైరస్ వ్యాధి సోకిందనీ, మనుషులు వారాల తరబడి సాకబట్టే అన్నాళ్ళు బతికి ఉంటుందనీ 2018లో అభిప్రాయపడ్డారు. వేటకూ కాపలాకూ పనికిరాని జబ్బు కూనకు నీళ్ళు పట్టి, శుభ్రం చేసి, కాపాడుకున్న ఆ మనుషులను తలచుకున్నప్పుడల్లా, "కుక్కే కదా, ఇంకొకటి తెచ్చుకో" అనే మాట నాకు చాలా చిన్నదిగా అనిపిస్తుంది.

ఆ మాట చేసే గాయానికి మనస్తత్వ శాస్త్రంలో చోటు ఉంది. సమాజం గుర్తించని, పరామర్శకు నోచుకోని దుఃఖం గురించి అమెరికా పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో వివరంగా రాశారు. మనిషి పోతే సెలవు దొరుకుతుంది, నలుగురు వచ్చి కూర్చుంటారు, కర్మకాండలు ఉంటాయి. మూగజీవి పోతే మర్నాడు ఉదయం పనికి వెళ్ళి, కళ్ళు ఎందుకు ఎర్రబడ్డాయని ఎవరైనా అడిగితే నిద్ర లేదని చెప్పాల్సి వస్తుంది. అందుకే మీ బాధను అర్థం చేసుకునే ఒక్క మనిషినైనా వెతుక్కుని, పేరు పెట్టి పిలుస్తూ ఆ ప్రాణి గురించి మాట్లాడండి.

ఇక అన్నిటికంటే బరువైన విషయం అపరాధభావం. నయం కాని జబ్బుతో బాధపడుతున్న జంతువుకు కారుణ్య మరణం ఇప్పించినవారిలో చాలామంది, తామే చంపామన్న ఆలోచనను ఏళ్ళ తరబడి మోస్తారు. ఇలాంటి నిర్ణయం నేనూ తీసుకున్నాను కాబట్టి, అక్కడ జరిగేది తెలిసి ఉండడం ఎంత అవసరమో చెప్పగలను. సాధారణంగా వాడే పెంటోబార్బిటాల్ అనే మందు మత్తుమందు జాతికి చెందినదే, దానిని ఎక్కువ మోతాదులో ఇస్తారు. ముందు స్పృహ పోతుంది, ఆ తరువాతే ఊపిరీ గుండే ఆగుతాయి. కళ్ళు తెరిచే ఉండవచ్చు, కండరాలు అదరవచ్చు, చివర ఒక పెద్ద శ్వాస తీసినట్టు కనిపించవచ్చు. అవి స్పృహ లేని శరీరంలోని కదలికలు, వాటిని చూసి "అది బాధపడింది, నన్ను పిలిచింది" అని అనుకోనవసరం లేదు.

"ముందే గమనించి ఉంటే" అన్న ప్రశ్న మరో ముల్లు. పిల్లులు తమ నొప్పిని దాచుకోవడంలో దిట్టలు, తిండి తగ్గిందని మనకు తెలిసేసరికే జబ్బు ముదిరి ఉండవచ్చు. ఈరోజు మీకు తెలిసినదానితో ఆనాటి మిమ్మల్ని విచారించడం న్యాయం కాదు.

దుఃఖానికి ఐదు దశలుంటాయని (నమ్మలేకపోవడం, కోపం, బేరాలాడడం, కుంగుబాటు, అంగీకారం) మీరు వినే ఉంటారు. 1969లో ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు వాటిని మరణానికి చేరువైన రోగులను గమనించి చెప్పారు, కాబట్టి మీ బాధ ఆ వరుసలో నడవకపోతే కంగారుపడకండి. నా దృష్టిలో 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు ప్రతిపాదించిన వివరణ అనుభవానికి మరింత దగ్గరగా ఉంటుంది: మనిషి కాసేపు పోయినదాని వైపు, కాసేపు సాగాల్సిన బతుకు వైపు ఊగుతూ ఉంటాడు. ఉదయం ఏడ్చి, సాయంత్రం నవ్వితే ప్రేమ తగ్గినట్టు కాదు.

పిల్లలకు "ఊరెళ్ళింది" అనో "నిద్రపోయింది" అనో చెప్పవద్దు, ఎప్పుడొస్తుందని ఎదురుచూస్తారు, లేదా నిద్రంటేనే భయపడతారు. చనిపోయిందని, దాని శరీరం ఇక పనిచేయదని నెమ్మదిగా చెప్పండి. ఇంట్లో మరో జంతువు ఉంటే అది కూడా తిండి మానవచ్చు, తలుపు దగ్గర వెతకవచ్చు. దాని వేళలు మార్చకండి, రెండు రోజులైనా తినకపోతే, పిల్లి అయితే ఒక్క రోజుకే, పశువైద్యుడికి చూపించండి. వారాలు గడిచినా నిద్ర, తిండి, పని కుదుటపడకపోతే మీరు కూడా మానసిక వైద్యుడిని కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు.

(తెర మీద: వంటగది మూలన ఖాళీ గిన్నె.)

గిన్నె ఎప్పుడు తీయాలని చాలామంది అడుగుతారు. దానికి గడువు లేదు. కొందరు ఆ రాత్రే కడిగి లోపల పెడతారు, కొందరికి నెలలు పడుతుంది. ఇంట్లో ఒకరికి అది కళ్ళముందు ఉండాలని, ఇంకొకరికి ఉండకూడదని ఉంటే, పారేయకుండా ఒక పెట్టెలో మెడపట్టీతో పాటు దాచండి.