ఈ ఫైలు ఎందులో తయారైంది?

సభకు నమస్కారం. పెన్షనర్ల సంఘం పెద్దలకు, పరీక్షల పుస్తకాలు పక్కన పెట్టి వచ్చి కూర్చున్న పిల్లలకు, నన్ను పిలిచిన లైబ్రేరియన్ గారికి నమస్కారాలు.

నేను పాతికేళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. శుభలేఖలతో మొదలుపెట్టాను, ఇప్పుడు ఎక్కువగా ఆన్‌లైన్ అప్లికేషన్లే. రోజూ ఎవరో ఒకరు వచ్చి, "బాబూ, మెయిల్లో ఏదో వచ్చింది, నొక్కితే తెరుచుకోవట్లేదు" అంటారు. ఆ మాట అనేటప్పుడు వాళ్ల గొంతులో తప్పు చేసినవాళ్ల సంకోచం ఉంటుంది. నన్ను బాధపెట్టేది అదే. తప్పు వాళ్లది కాదు, చాలాసార్లు ఫైలుది కూడా కాదు. ఆ విషయం చెప్పాలనే ఇవాళ వచ్చాను.

కిందటేడాది అడ్మిషన్ల సమయంలో ఒక తల్లీ కూతురూ సాయంత్రం నాలుగు గంటలకు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఐదింటికల్లా మార్కుల మెమో అప్‌లోడ్ చేయాలి. అమ్మాయి వాళ్ల బాబాయి వేరే ఊళ్లో స్కాన్ చేయించి మెయిల్లో పంపాడు. డౌన్‌లోడ్ అయింది, తెరుచుకోదు. తెర మీద ఒక పెట్టె వచ్చి, ఈ రకం ఫైలును ఏ యాప్‌తో తెరవాలి అని అడుగుతోంది. రకం అన్నచోట ఏముందో తెలుసా? ఆ అమ్మాయి పేరు! తల్లి మొహం పాలిపోయింది. "మా అమ్మాయి పేరు చూపిస్తోందేంటండీ, వైరస్సా?" అని అడిగింది.

వైరస్ కాదు. మనం పేరు ఎలా రాస్తాం? ఇంటిపేరులో మొదటి అక్షరం, చుక్క, ఆ తర్వాత పేరు. బాబాయి ఫోన్‌లో ఫైలు పేరు మారుస్తూ చివర ఉన్న డాట్ పీడీఎఫ్‌ను చెరిపేసి, మార్క్స్ మెమో అని, ఆ పక్కన చుక్కతో సహా అమ్మాయి పేరు రాశాడు. కంప్యూటర్‌కి చివరి చుక్క తర్వాత ఏముంటే అదే ఫైలు రకం. ఇంటిపేరు చుక్క దానికి తెలియదు. అమ్మాయి పేరు ఒక కొత్త రకం ఫైలు అనుకుంది, తెరిచే యాప్ కనబడక మనల్ని అడిగింది. పేరు చివర డాట్ పీడీఎఫ్ అని చేర్చగానే మెమో తెరుచుకుంది. ఐదింటిలోపే అప్‌లోడ్ అయింది. ఆ తల్లి కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగిన తీరు నాకింకా గుర్తుంది.

నేను చెప్పదలచుకున్నదంతా ఈ మెమోలోనే ఉంది. మనం డబుల్ క్లిక్ చేసినప్పుడు విండోస్ ఫైలు లోపలికి తొంగి చూడదు. పేరు చివర ఉన్న తోక చూసి, ఈ తోక ఉన్నవాటిని ఫలానా యాప్‌కి ఇవ్వాలి అని తన దగ్గరున్న పట్టీలో వెతుక్కుంటుంది. తోక లేకపోయినా, పట్టీలో ఆ తోక లేకపోయినా ఆగిపోతుంది. అంతమాత్రాన ఫైలు పాడైనట్టు కాదు. అలాంటప్పుడు "ఎలా తెరవాలి?" అని కంగారుపడకుండా "ఇది ఎందులో తయారైంది?" అని అడగండి. ఆ ఒక్కటి తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

అసలు మెయిల్‌కి ఫైలు జతచేయడం ఎప్పుడు మొదలైందో ఒక మాట. 1992 మార్చి 11న నథానియెల్ బోరెన్‌స్టైన్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని బెల్‌కోర్ ప్రయోగశాల నుంచి ఒక మెయిల్ పంపారు. దానికి తానూ తోటి ఉద్యోగులూ కలిసి పాడే బృందం ఫొటోనూ, వాళ్ల పాటనూ జతచేశారు. నెడ్ ఫ్రీడ్ అనే ఆయనతో కలిసి రూపొందించిన మైమ్ అనే పద్ధతి అది. ఇప్పటికీ మన అటాచ్‌మెంట్లన్నీ ఆ పద్ధతిలోనే వస్తున్నాయి. ఎందుకింత శ్రమ అని అడిగినవాళ్లకు, రేపు నాకు మనవలు పుడితే వాళ్ల ఫొటోలు మెయిల్లో రావాలి కదా అని చెప్పేవారట. ఈ హాల్లో అమెరికా నుంచి మనవల ఫొటోల కోసం ఎదురుచూసేవాళ్లు చాలామందే ఉన్నారు. అందుకే ఆయన పేరు చెప్పాలనిపించింది.

ఆ పద్ధతిలో ప్రతి అటాచ్‌మెంటుకీ ఒక చీటీ అంటిస్తారు. ఇది బొమ్మ, ఇది పీడీఎఫ్, ఇది పాట అని దాని మీద ఉంటుంది. పంపేవాళ్ల మెయిల్ ప్రోగ్రామ్‌కే రకం తెలియకపోతే, 'ఏవో బైట్లు' అన్న అర్థం వచ్చే చీటీ అంటించి వదిలేస్తుంది. పార్శిల్ మీద లోపల ఏముందో రాయనట్టే. తోక కూడా లేకపోతే ఇక అందుకున్న కంప్యూటర్‌కి ఆధారమేదీ దొరకదు.

కంప్యూటర్‌కి దొరక్కపోయినా మనకు దొరుకుతుంది. ఇది కొంచెం నిదానంగా చెబుతాను, పిల్లలు రాసుకోండి. ముందు నోట్‌ప్యాడ్ తెరవండి. అందులోంచి ఓపెన్‌కి వెళ్లి, కింద ఆల్ ఫైల్స్ ఎంచుకుని, ఆ ఫైలును తెరవండి. ఫైలు మీద డబుల్ క్లిక్ మాత్రం చేయొద్దు. నోట్‌ప్యాడ్ దేన్నీ నడిపించదు, ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది, అంతే. తెర నిండా పిచ్చి గీతల్లాంటి అక్షరాలు కనిపిస్తాయి. వాటితో మనకు పని లేదు. మొట్టమొదటి నాలుగైదు అక్షరాలు చూడండి.

శాతం గుర్తు, దాని పక్కన ఇంగ్లిషులో పీడీఎఫ్ అని ఉంటే అది పీడీఎఫ్. మెమో విషయంలో నేను చూసింది అదే. పీ, కే అని ఉంటే జిప్, అంటే ఫైళ్లను కుదించి కట్టిన మూట. 1989లో జిప్ పద్ధతి తెచ్చిన ఫిల్ కాట్జ్ పేరులోని అక్షరాలవి. 2007 ఆఫీస్ నుంచి వస్తున్న వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు కూడా లోపల జిప్‌లే, కాబట్టి అవీ పీకే అనే మొదలవుతాయి. ఏ, సీ, 1032 అని కనిపిస్తే అది ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన ప్లాను, 2018 వెర్షన్ రకంది. ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇంజినీర్లు పంపే డాట్ డీడబ్ల్యూజీ ఫైలు ఇదే. దాన్ని ఉత్తినే చూడటానికి, ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీ వాళ్ల ఉచిత వ్యూయర్ ఉంది. ఎం, జెడ్ అని ఉంటే మాత్రం అక్కడే ఆగండి. అది ప్రోగ్రామ్. మార్క్ జిబికోవ్‌స్కీ అనే మైక్రోసాఫ్ట్ ఇంజినీరు పేరులోని అక్షరాలవి. బిల్లు అనో, ఫొటో అనో చెప్పి పంపిన ఫైలు ఎం, జెడ్‌తో మొదలైతే తీసిపారేయండి. చూడటం అయ్యాక నోట్‌ప్యాడ్‌లో సేవ్ మాత్రం నొక్కొద్దు, ఫైలు నిజంగానే పాడవుతుంది.

కంప్యూటర్ ఏ యాప్‌తో తెరవాలని అడిగినప్పుడు చాలామంది కంగారులో కనిపించిన యాప్ ఏదో ఒకటి ఎంచుకుని ఆల్వేస్ నొక్కుతారు. ఇక ఆ రోజు నుంచి అలాంటి ఫైళ్లన్నీ ఆ తప్పు యాప్‌లోకే వెళ్తాయి. మా దగ్గరకు వచ్చే కేసుల్లో ఇదొక పెద్ద వాటా. నమ్మకం కుదిరేదాకా జస్ట్ వన్స్ నొక్కండి. ఇప్పటికే పొరపాటు జరిగి ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ఓపెన్ విత్‌లో చూజ్ ఎనదర్ యాప్‌కి వెళ్లి, సరైన యాప్ ఎంచుకుని, ఈసారి ఆల్వేస్ నొక్కితే సరిపోతుంది.

విన్‌మెయిల్ డాట్ డ్యాట్ అనేది కూడా తరచూ వస్తుంది. ఔట్‌లుక్ అనే మైక్రోసాఫ్ట్ మెయిల్ ప్రోగ్రామ్‌లో రిచ్ టెక్స్ట్ పద్ధతిలో పంపిన మెయిల్, వేరే మెయిల్ ప్రోగ్రామ్‌కి చేరితే అసలు అటాచ్‌మెంట్ ఆ మూటలో చిక్కుకుపోతుంది. మీరేమీ చేయనక్కర్లేదు. మెయిల్ పద్ధతిని హెచ్‌టీఎంఎల్‌లోకి మార్చి మళ్లీ పంపమని, పంపినవాళ్లకి చెప్పండి. ఐఫోన్ ఫొటోలు డాట్ హెచ్ఈఐసీ అని వచ్చి కొన్ని కంప్యూటర్లలో తెరుచుకోకపోతే, అన్నిచోట్లా తెరుచుకునే జేపెగ్ రకంలో పంపమని అబ్బాయికి చెప్పండి. 2017 నుంచి ఐఫోన్లు చోటు కలిసొస్తుందని ఆ రకంలో దాస్తున్నాయి.

ఇప్పుడు తెలుగు ఫైళ్ల సంగతి. నా వృత్తి అదే కాబట్టి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఓపిక పట్టండి. సంఘం వాళ్లు కరపత్రం పంపుతారు, కవిగారు పుస్తకం పంపుతారు. ఫైలు తెరుచుకుంటుంది, కానీ తెలుగు ఉండదు. ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలిసి పొర్లినట్టు ఉంటుంది. నిజానికి ఇది కూడా గుర్తుపట్టకపోవడమే. మేమంతా ఏళ్ల తరబడి అను అనే తెలుగు ఫాంట్లతో, పేజీలు అమర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో పని చేశాం. ఆ ఫాంట్లలో కంప్యూటర్ దాచుకునేది తెలుగు అక్షరం కాదు. ఇంగ్లిషు అక్షరానికి కేటాయించిన చోట తెలుగు అక్షరం ముక్క బొమ్మను పెట్టారు. తలకట్టు ఒక ముక్క, వత్తు ఒక ముక్క. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో చక్కటి తెలుగు కనిపిస్తుంది, లేనిచోట ముసుగు తొలగి ఆ గుర్తులు బయటపడతాయి. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ వేటికవే సొంత సంఖ్యలిచ్చే పద్ధతి, అందులో తెలుగు 1991లో మొదటి వెర్షన్ నుంచీ ఉంది. అందులో టైపు చేస్తే 'అ' ఎక్కడికి వెళ్లినా 'అ'గానే ఉంటుంది. అయినా మా సెంటర్లలో అను చాలాకాలం నిలిచింది. పేజ్‌మేకర్ యూనికోడ్ తెలుగును చూపలేకపోవడం ఒక కారణం, మా చేతులకు ఆ కీబోర్డు అలవాటైపోవడం ఇంకో కారణం.

ఆ రోజుల్లో టైపు చేసిన స్థానిక చరిత్రలు, శతకాలు, వంశవృక్షాలు ఎన్నో ఇళ్లల్లో సీడీల్లో మూలుగుతున్నాయి. రాసినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు. పిల్లలు తెరిచి చూసి, పాడైపోయిందనుకుని చెరిపేస్తున్నారు. దయచేసి చెరపొద్దు. అను నుంచి యూనికోడ్‌కి మార్చే సాధనాలున్నాయి. అక్కడక్కడా వత్తులు తప్పినా కూర్చుని దిద్దుకోవచ్చు. పేజ్‌మేకర్ ఫైలు అయితే పాత డీటీపీ వాళ్లలో ఎవరి దగ్గరో ఆ సాఫ్ట్‌వేర్ ఇంకా ఉంటుంది, పీడీఎఫ్ చేసి ఇమ్మనండి. నా దగ్గరకు తెస్తే డబ్బు తీసుకోను, ఈ సభలో చెబుతున్నాను.

ఇక భయపడాల్సిన చోటు. విండోస్ మామూలుగా తోకను దాచేస్తుంది. 2000 మే 4న ప్రేమలేఖ అని ఒక మెయిల్ ప్రపంచమంతా తిరిగింది. అటాచ్‌మెంట్ పేరు టీఎక్స్‌టీతో ముగిసినట్టు, మామూలు అక్షరాల ఫైలులా కనిపించింది. దాని వెనక డాట్ వీబీఎస్ అనే అసలు తోక, అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రామ్ తోక ఉంది, విండోస్ దాన్ని దాచేసింది. నొక్కినవాళ్ల అడ్రస్ బుక్‌లో ఉన్న అందరికీ అదే మెయిల్ వెళ్లిపోయింది. బ్రిటన్ పార్లమెంటు తన మెయిల్ వ్యవస్థనే ఆపేసుకోవాల్సి వచ్చింది. కాబట్టి ఇవాళ ఇంటికి వెళ్లాక ఒక పని చేయండి. విండోస్ 11లో ఏదైనా ఫోల్డర్ తెరిచి వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ మీద టిక్ పెట్టండి. అన్ని తోకలూ కనిపిస్తాయి. పేరు మార్చేటప్పుడు తోక జోలికి పోకండి, బాబాయి చేసిన పొరపాటు అదే.

ఫోన్‌లో అయితే చూడాల్సింది డాట్ ఏపీకే, అంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు. పెళ్లి పిలుపు అనీ, ట్రాఫిక్ చలానా అనీ, పీఎం కిసాన్ డబ్బులనీ వాట్సాప్‌లో వస్తున్నాయి. శుభలేఖ అంటే ఫొటోనో, పీడీఎఫో, వీడియోనో అయ్యుంటుంది. శుభలేఖ చూడటానికి యాప్ ఇన్‌స్టాల్ చేయాల్సిన పని ఏ పెళ్లికీ ఉండదు. ఏపీకే కూడా లోపల జిప్పే, పీకే అనే మొదలవుతుంది, కాబట్టి ఇక్కడ మొదటి అక్షరాల్ని నమ్మొద్దు, తోకనే చూడండి. తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా సరే, వాళ్ల ఫోన్ అప్పటికే వేరేవాళ్ల చేతిలో పడి ఉండొచ్చు. పొరపాటున ఇన్‌స్టాల్ చేసి డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకి చెప్పండి. ఎంత తొందరగా చెబితే డబ్బు అంత నిలిచే అవకాశం ఉంది.

ఇదంతా ఎందుకు, పంపినవాళ్లనే అడిగితే పోదా అంటే, నిజంగా అదే మొదట చేయాల్సిన పని. "అన్నయ్యా, నువ్వు పంపింది ఎందులో చేశావు? పీడీఎఫ్ చేసి పంపగలవా?" అంతే. రెండు నిమిషాల ఫోన్. మొహమాటంతో ఆ ఫోన్ చేయకుండా సాయంత్రం దాకా కుస్తీ పట్టినవాళ్లను ఎందరినో చూశాను. మనం పంపేటప్పుడు కూడా చదవడానికైతే పీడీఎఫ్, దిద్దడానికైతే యూనికోడ్‌లో వర్డ్ పంపుదాం. ఫైలు పేరులో ఇంటిపేరు పక్కన చుక్క పెట్టకుండా ఖాళీ వదులుదాం.

లైబ్రేరియన్ గారు ఆ కిటికీ పక్క కంప్యూటర్ ఆన్ చేసి ఉంచారు. ఏడున్నర దాకా అక్కడే ఉంటాను. తెరుచుకోని ఫైళ్లు ఉన్నవాళ్లు రండి. పెన్ డ్రైవ్ లేకపోయినా పర్లేదు, మెయిల్లో చూద్దాం. వచ్చేటప్పుడు ఆ ఫైలు పంపినవాళ్ల ఫోన్ నంబరు కూడా చేతిలో పెట్టుకుని రండి.