షెనాండోవాలో ఒక రాత్రి: తిండి సంచి చెట్టుకి ఇలా వేలాడదీయండి

హాయ్ అండీ, నమస్తే. గాలి హోరు వినిపిస్తుంటే సారీ, కొండ మీద ఉన్నాం. వర్జీనియాలో షెనాండోవా నేషనల్ పార్క్, అక్టోబర్ మూడో వారం. వెనక ఆ ఆకుల ఎరుపూ పసుపూ చూస్తున్నారుగా, నేనేం చెప్పక్కర్లేదు. నలుగురం వచ్చాం, ఒక్క రాత్రి మకాం.

ముందు పర్మిట్. ఇక్కడ అడవిలో పడుకోవాలంటే అది ఉండాల్సిందే. రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో ఇదిగో, ఇక్కడ నొక్కండి, తేదీ పెట్టండి, అయిపోయింది. బ్యాగు సర్దడం... స్లీపింగ్ బ్యాగ్ అడుగున, బరువైనవి మధ్యలో వీపుకి ఆనేలా, రెయిన్ కోటు పైన. ఇలా, ఇలా, అంతే. టెంట్ వేయడం ఫాస్ట్‌గా తిప్పేస్తున్నా, మీ టెంట్ వేరు, నా టెంట్ వేరు.

ఇప్పుడు అసలు సంగతి. తిండి సంచి. ఇక్కడ నల్ల ఎలుగుబంట్లు ఉన్నాయి, చలికాలం ముందు తిండి కోసం తెగ తిరుగుతాయి. అందుకే సంచి నేలకి కనీసం 10 అడుగుల ఎత్తులో, చెట్టు మానుకి 4 అడుగుల దూరంలో వేలాడాలి. ఇది పార్కు రూలు. పులిహోర, జంతికలే కాదండోయ్, టూత్‌పేస్ట్ కూడా. వాసన వచ్చేదేదైనా సంచిలోకే.

చూడండి. తాడు 50 అడుగులు. ఒక కొసకి రాయి కట్టి కొమ్మ మీదుగా విసరాలి. హా... పడలేదు. మళ్ళీ. హా, పడింది. రాయి తీసేసి ఈ కొసకి కారబైనర్, అంటే క్లిప్పులా తెరుచుకునే ఈ లోహపు కొక్కెం, దానికి సంచి. తాడు రెండో కొసని ఇదే కారబైనర్‌లోంచి దూర్చి, లాగండి. సంచి కొమ్మ దాకా వెళ్ళిపోయింది కదా? ఇప్పుడు చెయ్యి అందినంత పైన, తాడుకి ఈ పుల్లని క్లోవ్ హిచ్ ముడితో, అంటే పుల్ల చుట్టూ తాడు రెండు చుట్లు తిప్పి, బిగించి, మెల్లగా వదలండి. పుల్ల పైకెళ్ళి కారబైనర్‌కి అడ్డుపడింది. సంచి ఆగింది.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. వదలగానే సంచి కిందికి దిగుతుంది, పుల్ల పైకి వెళ్తుంది, రెండూ మధ్యలో కలుస్తాయి. కొమ్మ 20 అడుగుల్లో, పుల్ల 7 అడుగుల్లో ఉంటే, కలిసేది పదమూడున్నర దగ్గర. నేను మొదటిసారి 12 అడుగుల కొమ్మ చూసి "10 చాలుగా" అనుకున్నా. వదిలేసరికి సంచి కాస్త ఎగిరితే నాకే అందేంత కిందికి వచ్చింది. ఇక ఎలుగుకి? చీకట్లో వేరే చెట్టు వెతికాం, ఈసారి తాడు గాలిపటం దారంలా కొమ్మకి చుట్టుకుపోయింది. ఒకడేమో కింద నుంచి "పులిహోర తినేద్దాం మామా, అసలు కట్టే పనే ఉండదు" అని. అందుకే వెలుతురు ఉండగానే చేయండి, ఈ రోజుల్లో 6:30 కల్లా పొద్దు వాలిపోతుంది.

ఇదంతా వద్దంటే బేర్ క్యానిస్టర్ అని, ఎలుగు తెరవలేని గట్టి డబ్బా వస్తుంది. నాకు నచ్చదు, బ్యాగులో సగం అదే తినేస్తుంది.

ఆ, ఇంకోటి. వాటర్ ఫిల్టర్ స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోండి. లోపలి నీళ్ళు గడ్డకడితే ఫిల్టర్ పాడైపోతుంది, బయటికి కనిపించదు కూడా.

పొద్దున దింపడం: తాడు మళ్ళీ కిందికి లాగండి, పుల్ల చేతికొస్తుంది, తీసేయండి, మెల్లగా వదలండి. ఒరేయ్, లైట్ ఇటు పట్టు... సంచి ఎవడి నెత్తి మీదా పడకూడదు, జాగ్రత్త.