ఒక్క డబ్బా సరుకు

అందరికీ నమస్కారం.

ఈ ఊళ్లో నన్ను ఇప్పటికీ డీజిల్ షెడ్డు ఫిట్టరు గారి అబ్బాయి అనే అంటారు. గుత్తి రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. పన్నెండేళ్లుగా అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఉంటున్నాను. న్యూయార్క్ అనగానే మీకు గుర్తొచ్చే మహానగరం మాకు ఐదు వందల కిలోమీటర్ల పైమాటే. మా వైపంతా మొక్కజొన్న పొలాలు, పాడి పశువులు, చిన్న చిన్న ఊళ్లు. ఆ ఊళ్లను కలుపుతూ తిరిగే చిన్న గూడ్సు రైల్వేల గురించి చెప్పమన్నారు కాబట్టి సంతోషంగా వచ్చాను.

మనకు రైల్వే అంటే ఒక్కటే, ప్రభుత్వానిది. అక్కడ పట్టాలు కూడా కంపెనీలవే. దేశమంతా పరుచుకున్న పెద్ద కంపెనీలు కొన్ని ఉంటాయి. అవి వద్దనుకున్న బ్రాంచి లైన్లను కొనుక్కునో, లీజుకు తీసుకునో నడిపే చిన్న కంపెనీలు ఆరు వందల దాకా ఉన్నాయి. వీటిని షార్ట్ లైన్లు అంటారు. కొన్నింటి పొడవు మన గుత్తి నుంచి గుంతకల్లు దాకా కూడా ఉండదు.

నేను మొదట చూసింది లివోనియా, ఏవన్ అండ్ లేక్‌విల్ రైల్‌రోడ్. 1964లో ఈరీ లాకవానా అనే పెద్ద కంపెనీ ఆ బ్రాంచి లైను ఎత్తేస్తామంటే, అక్కడి జనమే వాటాలు వేసుకుని కంపెనీ పెట్టి నిలబెట్టుకున్నారు. మొదట్లో సెలవు రోజుల్లో ఆవిరి ఇంజనుతో విహార బండి కూడా నడిపారు. తర్వాత దాన్ని అసలు నిలబెట్టింది మొక్కజొన్న పాకం. కూల్‌డ్రింకుల్లో, బిస్కెట్లలో వాడే కార్న్ సిరప్. అది ట్యాంకు డబ్బాల్లో రైలు మీద లేక్‌విల్ దాకా వస్తుంది. అక్కడ లారీల్లోకి పంపు చేస్తారు. చలికాలంలో పాకం చిక్కబడి కదలదు. అప్పుడు డబ్బాకు ఉన్న గొట్టాల్లోకి ఆవిరి పట్టించి పలచబరుస్తారు.

ఒక శనివారం పొద్దున అక్కడ షంటింగ్, అంటే డబ్బాలను అటూ ఇటూ జరిపి పెట్టడం, చూశాను. ఇంజను, నాలుగు డబ్బాలు, ఇద్దరు మనుషులు. ఒకాయన డబ్బా మెట్టు మీద నిలబడి వైర్‌లెస్‌లో "ఇంకో రెండు డబ్బాలు, ఒకటి, సగం, చాలు" అని దూరం చెబుతున్నాడు. ఆగగానే దిగి వెళ్లి చేత్తోనే పట్టా మార్చే పాయింట్ లివర్ తిప్పాడు, తాళం వేశాడు. డబ్బాను సైడింగ్‌లో, అంటే సరుకు దించే పక్క పట్టా మీద, పెట్టి హ్యాండ్ బ్రేకు చక్రం బిగించి, ఒకసారి ఊపి చూసి, ఎయిర్ గొట్టం విడదీశాడు. బుస్సుమని గాలి పోయింది. ఇదంతా ఒక్క డబ్బా వదిలిపెట్టడానికి. ఒక్క డబ్బాకి!

నన్ను కదిలించింది ఈ ఒక్క డబ్బానే. గుత్తి గూడ్సు షెడ్డులో ఒకప్పుడు వేరుశనగ బస్తాలు, బేతంచెర్ల బండలు డబ్బా లెక్కన ఎక్కేవని మా నాన్న చెబుతారు. 1980ల నుంచి మన రైల్వే క్రమంగా పూర్తి రేకులకే, అంటే బండి మొత్తం ఒకే సరుకు నింపి పంపడానికే, మారింది. బండి ఆగకుండా ఒకే సరుకుతో గమ్యం చేరితే వ్యాగన్లు త్వరగా తిరిగొస్తాయి, లైను ఖాళీ అవుతుంది. మన లైన్ల మీదున్న ఒత్తిడికి అది సరైన నిర్ణయమే, నేను తప్పుపట్టను. కానీ యాభై డబ్బాల సరుకు లేని చిన్న వ్యాపారి లారీ వైపు వెళ్లిపోయాడు. ఊరి గూడ్సు షెడ్డు మూతపడింది. అక్కడి షార్ట్ లైను బతికేదే ఆ చిన్న వ్యాపారి మీద. ఆ సరుకును పెద్ద కంపెనీ బండికి అందించే దాకా లాగినందుకు డబ్బాకి ఇంత అని దానికి వాటా వస్తుంది. అందుకే షార్ట్ లైను మేనేజరు కొట్టు కొట్టుకూ తిరిగి సరుకు అడుగుతాడు. మన దగ్గర ఎల్ఐసీ ఏజెంట్లు తిరిగినట్టు!

ఇక మూతపడ్డ లైను మళ్లీ తెరిచిన సంగతి.

1851లో న్యూయార్క్ వైపు నుంచి ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న డన్‌కిర్క్ దాకా ఈరీ రైల్‌రోడ్ వేశారు. దాని గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, ఆరడుగులు. మన బ్రాడ్ గేజి కంటే కూడా అర అడుగు వెడల్పు. 1880లో మామూలు గేజికి మార్చారు గానీ, మొదట అంత వెడల్పుగా కట్టడం వల్ల ఆ దారిన భారీ యంత్రాలు పోవడానికి జాగా మిగిలింది. హార్నెల్, ఓలియన్, సలమాంకా, జేమ్స్‌టౌన్ మీదుగా పెన్సిల్వేనియాలోని కోరీకి పోయే లైను ఆ వంశంలోదే. అప్పటికి అది ఈరీ లాకవానా చేతిలో ఉంది. 1972లో ఆగ్నెస్ తుపానుకు ఆ కంపెనీ లైన్లు కొట్టుకుపోయాయి, కంపెనీ దివాలా తీసింది. 1976లో ప్రభుత్వం పెట్టిన కాన్‌రెయిల్ చేతికి వచ్చింది. 1990ల మొదట్లో ఈ దారిన బండ్లు ఆగిపోయాయి. పట్టాల మధ్య చెట్లు మొలిచాయి.

ఎత్తేస్తే పోయేది ఒక లైనే అనుకోకండి. పట్టాలు పీకితే నేల ముక్కలైపోతుంది, ఒకరు షెడ్డు వేస్తారు, ఇంకొకరు రోడ్డు. ఆ తర్వాత ఎన్ని కోట్లున్నా అతకదు. ఇక్కడ అడ్డుపడింది ఏమిటో తెలుసా? ఆస్తి పన్ను. ఆ రాష్ట్రంలో పట్టాలకు కూడా స్థానిక పన్ను కట్టాలి. బండి తిరగని లైనుకు పన్ను కట్టే బదులు పీకి పాత ఇనుముకు అమ్మడమే లాభం. అందుకని 2000లో రాష్ట్ర శాసనసభ, దారిలోని కౌంటీల కోసం, అంటే మన జిల్లాల లాంటి వాటి కోసం, ఒక ప్రభుత్వ సంస్థను పెట్టింది. లైను ఆ సంస్థ నీడలోకి రావడంతో పన్ను భారం తగ్గింది. 2001లో వెస్టర్న్ న్యూయార్క్ అండ్ పెన్సిల్వేనియా రైల్‌రోడ్ నడపడం మొదలుపెట్టింది. లేక్‌విల్ వాళ్లదే దాని వెనక చెయ్యి. విడతలు విడతలుగా లైను తెరిచారు. 2007లో ఇంకో పాత లైను కూడా లీజుకు తీసుకున్నారు.

తెరవడమంటే రిబ్బను కత్తిరించడం కాదు. ముందు చెట్లు కొట్టాలి. తూములు పూడిపోయి ఉంటాయి, నీళ్లు కట్ట కింద కోసేస్తాయి, అవి బాగుచేయాలి. లెవెల్ క్రాసింగుల దగ్గర పట్టాల మీద తారు పోసేసి ఉంటారు, తవ్వాలి. చెక్క స్లీపర్లు కుళ్లి, మేకును వేళ్లతో లాగితే ఊడివస్తుంది. అలాంటి ఒక పట్టా పక్కన కూర్చుని తుప్పు తుడిస్తే, ఉక్కు మిల్లు పేరు, తయారైన సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాల్లో బయటపడ్డాయి. మన పట్టాల మీద టాటా వాళ్ల టిస్కో పేరు ఉన్నట్టే. తొంభై ఏళ్ల కిందటి ఉక్కు.

ఇంకో చిక్కు బరువు. అక్కడ ఇప్పుడు నాలుగు ఇరుసుల డబ్బా నిండుగా 2,86,000 పౌండ్లు, అంటే 130 టన్నులు. ఇరుసుకు 32 టన్నుల పైన. మన దగ్గర 25 టన్నులకు మించి ఒప్పుకోరు. పాత వంతెనలు, సన్న పట్టాలు దీనికి ఓర్చుకోవు. అందుకే చాలా షార్ట్ లైన్ల మీద గంటకు పది మైళ్లకు మించి పోనివ్వరు, సైకిలు వేగం. చిన్న కంపెనీ ఆదాయంతో ఇవన్నీ మార్చడం కష్టమని 2004లో పన్ను రాయితీ పెట్టారు. లైను బాగుకు పెట్టిన ఖర్చులో సగం, మైలుకు 3,500 డాలర్ల పరిమితి దాకా, పన్నులో తగ్గించేవారు. 2020 చివర్లో దాన్ని శాశ్వతం చేశారు.

ఒక రోజు ఓలియన్‌లో గూడ్సు బయల్దేరుతుంటే ఫోనులో ఆ చప్పుడు రికార్డు చేసి నాన్నకు పంపాను. ఏ ఇంజనో చెప్పలేదు. ఐదు నిమిషాల్లో ఫోను వచ్చింది. "ఆల్కోరా, పదహారు సిలిండర్లు. అక్కడెక్కడిది?" అన్నారు. నిజమే. మన డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజను అమెరికా ఆల్కో కంపెనీ డిజైనే. 1962లో అమెరికా నుంచి వచ్చాయి, 1964 నుంచి వారణాసిలో తయారయ్యాయి. ఆ ఆల్కో ఫ్యాక్టరీ ఉన్న షెనెక్టడీ మా రాష్ట్రంలోనే. 1969లో మూతపడింది. ఆ కంపెనీ ఇంజన్లను పోగుచేసి, విడిభాగాలు వెతికి నడిపిన రైల్వేల్లో ఈ ఓలియన్ లైను కంపెనీ పేరున్నది. నాన్న ఇక్కడే ముందు వరుసలో ఉన్నారు, నేను చెప్పింది తప్పయితే సరిదిద్దుతారు.

మన దగ్గర కూడా పోయిన లైను తిరిగొచ్చింది. కాకినాడ నుంచి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి 1928లో వేసిన లైనును, 1940లో యుద్ధానికి ఇనుము కావాలని పీకేశారు. మళ్లీ బండి కూత వినడానికి ఆ గోదావరి గట్టు 2004 దాకా ఆగాల్సి వచ్చింది. అరవై నాలుగేళ్లు. పీకడానికి కొన్ని నెలలు చాలు.

గుంతకల్లు, డోన్, తాడిపత్రి వైపు ఎవరైనా తమ ఊరి గూడ్సు సైడింగు గురించి చెప్పగలిగితే, ఈ మీటింగు తర్వాత దయచేసి ఉండండి. ఏ సంవత్సరం దాకా డబ్బాలు వచ్చాయి, ఏ సరుకు ఎక్కింది, ఇప్పుడు ఆ నేల మీద ఏముంది, ఈ మూడూ రాసుకోవాలి. నోటు పుస్తకం తెచ్చాను.