సగంలో వదిలేసినవాళ్ల మాటకు విలువ ఉందా?

(పుస్తకాలు, సిరీస్‌లు, గేమ్‌ల మీద స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: నవలల సంపాదకురాలు, సిరీస్‌లకు కథ, మాటలు రాసే రచయిత, గేమ్ డిజైనర్.)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. ఇవాళ్టి విషయం చూడ్డానికి చిన్నదే. కానీ నలుగురు కూర్చుని కబుర్లలో పడితే ఎక్కడో ఒకచోట దీనిమీదే మాట తేడా వస్తుంది. ఒకరు "ఆ సిరీస్ అస్సలు బాగోలేదు" అంటారు. "మొత్తం చూశావా?" "లేదు, మూడో ఎపిసోడ్‌తో ఆపేశాను." "మరి నువ్వెలా చెప్తావు?" ఇక అంతే, మాట అక్కడే ఆగిపోతుంది. సగంలో ఆపేసిన మనిషి అభిప్రాయం చెప్పొచ్చా, చెప్పకూడదా? రచయితగారూ, మీతో మొదలుపెడదాం.

రచయిత: చెప్పకూడదనే నా అభిప్రాయం. ఎనిమిదో ఎపిసోడ్‌లో విప్పాల్సిన ముడిని నేను రెండో ఎపిసోడ్‌లోనే వేస్తాను. ఒక తల్లి కూతుర్ని కారణం లేకుండా కసురుతుంది. చూసేవాళ్లకు అది అతిగా అనిపిస్తుంది. అనిపించాలి కూడా. ఆ కసురు వెనక ఉన్న భయం ఎనిమిదిలో గానీ బయటపడదు. మూడుతో ఆపేసిన మనిషి వచ్చి "ఆ పాత్రకు తలా తోకా లేదు" అంటే, సగం పాత్రను చూసి మొత్తం పాత్ర మీద తీర్పు చెప్పినట్టే కదా.

గేమ్ డిజైనర్: ఆ మూడు ఎపిసోడ్లకూ పెట్టిన సమయం ఆయనదే కదండీ?

రచయిత: ఆయనదే. కాదనను.

గేమ్ డిజైనర్: మరి ఆ సమయంలో తనకేం దొరికిందో, ఏం దొరకలేదో చెప్పుకోవడానికి ఇంకొకరి అనుమతి ఎందుకు?

వ్యాఖ్యాత: అసలు వదిలేసేవాళ్లు ఎంతమంది ఉంటారు? మేడమ్, పుస్తకాల సంగతి చెప్పండి.

సంపాదకురాలు: ఎన్ని ప్రతులు అమ్ముడయ్యాయో తెలుస్తుంది, ఎన్ని పేజీలు చదివారో తెలియదు. చాలామంది చేతులు మారిన పుస్తకం దొరికితే ఒకసారి అంచు వైపు నుంచి చూడండి. మొదటి నలభై, యాభై పేజీల అంచు మాసిపోయి, మూలలు మెత్తబడి ఉంటాయి. అక్కడినుంచి ఉన్నట్టుండి కాగితం తెల్లగా, బిగుతుగా ఉంటుంది. చాలామంది ఎక్కడ ఆగిపోయారో ఆ గీత చెప్పేస్తుంది. ఎడిటింగ్‌కు కూర్చున్నప్పుడు ఆ గీత నా కళ్లముందే ఉంటుంది.

దీన్నే లెక్కలో పెట్టిన మనిషి ఒకరున్నారు. జోర్డన్ ఎలెన్‌బర్గ్ అనే గణితశాస్త్రవేత్త 2014లో ఒక చిన్న కొలత తయారుచేశారు. కిండిల్ అనే ఈ-పుస్తకాల పరికరంలో పాఠకులు ఎక్కువగా గీతలు గీసుకున్న అయిదు వాక్యాలు తీసుకుని, అవి సగటున ఎన్నో పేజీలో ఉన్నాయో చూసి, మొత్తం పేజీలతో భాగించారు. అంకె తక్కువైతే పాఠకులు మొదట్లోనే ఆగిపోయారని ఊహ. దానికి భౌతికశాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ పేరు పెట్టారు, ఎందుకంటే ఆయన పుస్తకాన్ని చాలామంది కొని చదవకుండా వదిలేస్తారని పేరు. 1988లో వచ్చిన హాకింగ్ పుస్తకం ‘ఎ బ్రీఫ్ హిస్టరీ ఆఫ్ టైమ్’కు ఆ లెక్కలో 6.6 శాతం వచ్చింది. థామస్ పికెట్టీ ఆర్థికశాస్త్ర గ్రంథానికి 2.4 శాతమే. డొన్నా టార్ట్ నవల ‘ద గోల్డ్‌ఫించ్’కు మాత్రం 98.5!

రచయిత: అంటే పికెట్టీ పుస్తకాన్ని నూటికి రెండు పేజీలే చదివారని అర్థమా?

సంపాదకురాలు: అలా చెప్పలేం. ఇది సరదాగా చేసిందే గానీ శాస్త్రీయమైన లెక్క కాదని ఆయనే చెప్పారు. శాస్త్ర గ్రంథాల్లో నిర్వచనాలూ ముఖ్యమైన వాదనా మొదట్లోనే ఉంటాయి, గీతలు కూడా అక్కడే పడతాయి. కానీ కొని వదిలేసిన పుస్తకాలు అందరి దగ్గరా ఉన్నాయి కాబట్టే జనం ఆ కొలతను అంత ఇష్టంగా చెప్పుకున్నారు.

గేమ్ డిజైనర్: మా దగ్గర ఆ దాపరికం లేదండీ. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో, అచీవ్‌మెంట్లు, అంటే ఆటలో ఒక్కో ఘట్టం దాటినందుకు వచ్చే గుర్తులు ఉన్న ఏ గేమ్ తీసుకున్నా, ఏ ఘట్టం ఎంత శాతం మంది దాటారో అచీవ్‌మెంట్ల పట్టికలో అందరికీ కనిపిస్తుంది. జనం తెగ మెచ్చుకున్న పెద్ద గేమ్‌లలో కూడా కథ చివరిదాకా వెళ్లినవాళ్లు సగానికి తక్కువ ఉండటం మామూలే. మెచ్చుకున్నవాళ్లలోనే చాలామంది పూర్తిచేయలేదన్నమాట! వాళ్ల మెప్పుకు విలువ లేదని ఏ డిజైనరూ అనడు. తిట్టినవాణ్ని మాత్రం "పూర్తిచేశావా?" అని నిలదీస్తాం. పొగిడినవాణ్ని అడగని ప్రశ్న తిట్టినవాణ్ని ఎందుకు అడగాలి?

రచయిత: ఆ మాట బాగుంది. పొగిడినవాళ్లను నేనూ అడగను.

గేమ్ డిజైనర్: ఇంకోటి. 1984లో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన టెట్రిస్‌ను "పూర్తిచేశావా?" అని ఎవరూ అడగరు. పైనుంచి పడే ముక్కలు పేరుకుంటూ వచ్చి ఏదో ఒక క్షణాన ఓడిపోవడమే ఆ ఆట తీరు. అయినా దాని గురించి అందరికీ అభిప్రాయం ఉంది.

వ్యాఖ్యాత: సరే, అటువైపునుంచి చూద్దాం. చివరిదాకా చూసినవాళ్ల మాట మాత్రం పూర్తిగా నమ్మదగినదేనా?

సంపాదకురాలు: నాకు అనుమానం అక్కడే. చివరిదాకా ఉన్నవాళ్లందరూ ఇష్టపడే ఉన్నారా? 1985లో హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ అనే పరిశోధకులు నాటకాల సీజన్ టికెట్లతో ఒక ప్రయోగం చేశారు. కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లలో కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు టికెట్లు ఇచ్చారు. ఎవరికి ఏది వస్తుందన్నది యాదృచ్ఛికమే. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకు వచ్చారు. రెండో సగానికి ఆ తేడా పోయింది. నాటకాలు అవే, వచ్చినవాళ్లూ అలాంటివాళ్లే. పెట్టిన డబ్బు కూర్చోబెట్టింది. ఆరు ఎపిసోడ్లు చూశాం, ఇంకో నాలుగేగా అని కూర్చునేవాళ్లదీ ఇదే కథ. వాళ్లు పూర్తిచేశారు గానీ, ఆ పూర్తిచేయడంలో ఇష్టం ఎంతో మనకు తెలియదు.

గేమ్ డిజైనర్: పుస్తకమైతే మూస్తే చాలు. సిరీస్ అలా కాదే. తర్వాతి ఎపిసోడ్ దానంతట అదే మొదలవుతుంది. చూడటానికి ఏమీ చేయక్కర్లేదు, ఆపడానికే బటన్ నొక్కాలి. చేతిలో ఫోన్ పట్టుకుని, ఒక కన్ను తెరమీద వేసి పది ఎపిసోడ్లు "పూర్తిచేసిన" మనిషి కంటే, శ్రద్ధగా రెండు చూసి ఆపేసిన మనిషి మాటే నాకు పనికొస్తుంది.

సంపాదకురాలు: దానికి తోడు ముగింపు మన జ్ఞాపకాన్ని లాగేస్తుంది. 1993లో డేనియల్ కానమన్, ఆయన సహ పరిశోధకులు కొంతమంది చేతిని 14 డిగ్రీల చల్లటి నీళ్లలో 60 సెకన్లు ఉంచమన్నారు. ఇంకోసారి అదే 60 సెకన్లు ఉంచి, ఆపైన మరో 30 సెకన్లలో నీళ్లను మెల్లగా 15 డిగ్రీలకు తెచ్చారు. మళ్లీ చేయాలంటే ఏది చేస్తారని అడిగితే ఎక్కువమంది రెండోదే కోరుకున్నారు. బాధ పడాల్సిన సమయం అందులోనే ఎక్కువ! చివర కాస్త నయం కాబట్టి మొత్తం నయమనిపించింది. సిరీస్ చివరి ఎపిసోడ్ నచ్చకపోతే నాలుగు సీజన్లు పాడైపోయాయంటాం. ఆ నాలుగు సీజన్లలో మనం నవ్విన నవ్వులు ఎక్కడికి పోయాయి? ముగింపు చూడనివాళ్లకు ఆ ముగింపు తెలియదు, నిజమే. చూసినవాళ్లకేమో ముగింపు తప్ప మిగతాది మసకబారిపోతుంది.

రచయిత: (ఆగి) అయితే ఇద్దరి సాక్ష్యమూ సగమే అంటారు.

సంపాదకురాలు: అవును. కాకపోతే ఒకరికి తాను సగమే చూశానని తెలుసు.

రచయిత: సరే, చెప్పొచ్చు. కానీ ఒక షరతు. ఎక్కడ ఆపారో చెప్పాలి, ఎందుకు ఆపారో చెప్పాలి. ఒక్క స్టార్ ఇచ్చి "బోర్" అని రాసిపోతే అది నాకూ పనికిరాదు, చూద్దామా వద్దా అనుకునేవాళ్లకూ పనికిరాదు. "మూడో ఎపిసోడ్‌లో ఆ పెళ్లి సీన్ దగ్గర ఆపాను, తల్లి ప్రవర్తనకు కారణం దొరుకుతుందన్న ఆశ కలగలేదు" అని రాస్తే, అది నా పనికి జవాబు. కారణం ఎనిమిదిలో ఉందని నాకు తెలుసు. ఉంటుందన్న నమ్మకాన్ని మూడులో కలిగించలేదేమో అని నేను వెళ్లి చూసుకుంటాను.

గేమ్ డిజైనర్: స్టీమ్‌లో రివ్యూ పక్కనే రాసినాయన ఆ గేమ్ ఎన్ని గంటలు ఆడాడో కనిపిస్తుంది. అరగంట ఆడి తిట్టినా ఫరవాలేదు, మూడొందల గంటలు ఆడి తిట్టినా ఫరవాలేదు. చదివేవాళ్లు దాన్నిబట్టి అర్థం చేసుకుంటారు. అరగంటలో తిట్టాడంటే మొదలే ఇబ్బందిగా ఉందని. మూడొందల గంటల తర్వాత తిట్టాడంటే ఎంతో ఇష్టపడ్డ ఆటలో ఏదో మారిపోయిందని. మాట ఒకటే అయినా అర్థం వేరు. పుస్తకాలకూ, సిరీస్‌లకూ ఇచ్చే స్టార్ల పక్కన కూడా ఇలాంటి అంకె ఒకటి ఉంటే సగం వాదనలు పుట్టవు.

సంపాదకురాలు: అంకె ఒక్కటే చాలదు. గేమ్ తెరిచిపెట్టి నిద్రపోయినా గంటలు పెరుగుతాయి. కవిత్వం పుస్తకంలో పది పేజీలు నెలంతా చదివేవాళ్లున్నారు. నాకు అంకె కంటే "ఎందుకు" ముఖ్యం.

వ్యాఖ్యాత: ఎందుకు వదిలేస్తారు మరి? మీరు దగ్గరనుంచి చూస్తారు కదా.

గేమ్ డిజైనర్: కొత్త లెవెల్ తయారయ్యాక, ఎప్పుడూ ఆడని మనిషిని కూర్చోబెట్టి ఆడిస్తాం. మేం వెనక నిలబడతాం, నోరు విప్పకూడదు. ఆయన మూసి ఉన్న తలుపు దగ్గరికి వెళ్తాడు, వెనక్కి వస్తాడు, గది చుట్టూ తిరుగుతాడు, మళ్లీ అదే తలుపు దగ్గరికి వెళ్తాడు. మూడోసారి వెళ్లినప్పుడు తెరను చూడటం మానేసి వేళ్లను చూడాలి. కంట్రోలర్ మీద పట్టు సడలుతుంది, బొటనవేళ్లు పైకి లేస్తాయి. ఇంకా ఆడుతూనే ఉంటాడు, "బాగుందండీ" అనే అంటాడు. కానీ ఆట ఆయనకు అక్కడ అయిపోయింది. తాళంచెవి మేం పెట్టిన చోట వెలుతురు తక్కువై ఉంటుంది, అంతే. ఇంట్లో ఒంటరిగా ఆడుతుంటే ఆ క్షణంలో ఆపేసి, మళ్లీ తెరవడు. ఆయన చివరిదాకా ఆడలేదు కాబట్టి ఆయన మాట లెక్కలోకి రాదంటే, ఆ దీపం ఎప్పటికీ వెలగదు.

కష్టంగా ఉందని వదిలేసేవాళ్లూ ఉంటారు. 2018లో వచ్చిన ‘సెలెస్ట్’ చాలా కష్టమైన ఆట. అందులో అసిస్ట్ మోడ్ ఉంది: ఆట వేగం తగ్గించుకోవచ్చు, దెబ్బ తగలకుండా చేసుకోవచ్చు. చేతులు వేగంగా కదలనివాళ్లు కూడా ఆ కథ చివరిదాకా వెళ్లగలిగారు. వదిలేసిన మనిషిని గౌరవిస్తే వచ్చే ఆలోచన అలా ఉంటుంది.

సంపాదకురాలు: నాకు ఇంకో రకం పాఠకులు గుర్తొస్తారు. పుస్తకం బాగుందని తెలిసే ఆపేస్తారు. ఇంట్లో మనిషి పోయి నెల కూడా కాలేదు, నవలలో ఆసుపత్రి గది వచ్చింది. ఆ పేజీ తిప్పలేరు. అది రచయిత లోపం కాదు, పాఠకుల లోపమూ కాదు. అలాంటప్పుడు "నాకు ఇప్పుడు వద్దు" అనే మాట ఉంది. దాన్ని "బాగోలేదు" అని రాయకూడదు. ఈ రెండిటినీ కలిపేస్తున్నారనే నా బాధ. మామూలు కబుర్లలో కూడా, "నచ్చలేదు" అన్నవాళ్లను కాస్త ఆగి "ఎక్కడిదాకా వచ్చారు?" అని మెల్లగా అడిగితే, వెనకున్న అసలు సంగతి వాళ్లే చెప్తారు. నిలదీసినట్టు అడిగితే చెప్పరు.

వ్యాఖ్యాత: ఒక ప్రేక్షకురాలు ప్రశ్న పంపారు. "మా అబ్బాయికి పన్నెండేళ్లు. ఏ పుస్తకమూ పూర్తిచేయడు, ఏ గేమూ పూర్తిచేయడు. ఒకటి మొదలుపెట్టి ఇంకోదానికి వెళ్లిపోతాడు. పూర్తిచేయమని పట్టుబట్టాలా?"

రచయిత: ఒక్కటైనా పూర్తిచేయించండి అంటాను. ముగింపు దగ్గరికి చేరిన తృప్తి ఒకసారి రుచి తెలిస్తే రెండోసారి తనే వెళ్తాడు.

గేమ్ డిజైనర్: చిన్నది ఇవ్వండి. ఒక గంటలో అయిపోయే గేమ్‌లు ఎన్నో ఉన్నాయి, మంచివి.

సంపాదకురాలు: డేనియల్ పెనాక్ అనే ఫ్రెంచ్ రచయిత స్కూల్లో సాహిత్యం చెప్పిన ఉపాధ్యాయుడు. 1992లో రాసిన పుస్తకంలో ఆయన పాఠకుడికి పది హక్కులు ఇచ్చారు. మూడోది పుస్తకం పూర్తిచేయకుండా ఉండే హక్కు. అది అందరికీ నచ్చుతుంది. నాకు పదోది ఇంకా ఇష్టం: చదివినదాని గురించి ఏమీ మాట్లాడకుండా ఉండే హక్కు.

రచయిత: ఇంతసేపూ ఎక్కడ ఆపారో చెప్పాలన్నాం కదా మేడమ్!

సంపాదకురాలు: నలుగురి ముందు తీర్పు చెప్పేవాళ్ల సంగతి అది. స్టార్లు ఇచ్చేవాళ్లు చెప్పాలి. పన్నెండేళ్ల పిల్లాడు ఎవరికీ తీర్పు చెప్పట్లేదు, వెతుక్కుంటున్నాడు. పుస్తకం మూసిన ప్రతిసారీ "ఎందుకు ఆపావు?" అని అడిగితే, ఇంకోటి తెరవడానికి భయపడతాడు. అమ్మగారూ, మీరు చదువుతున్న పుస్తకం గురించి మీరే మాట్లాడండి. ఎన్నో పేజీలో ఉన్నారో, ఎక్కడ విసుగొచ్చిందో, ఎవరిమీద కోపం వచ్చిందో చెప్పండి. వింటాడు. తన వంతు ఎప్పుడో తనే తీసుకుంటాడు.

వ్యాఖ్యాత: దీనిమీద రచయితగారి మొహంలో ఇంకా అభ్యంతరం కనిపిస్తోంది. విరామం తర్వాత వారితోనే మొదలుపెడదాం.