బంతికి మూడు తూట్లు, చర్చకు నూరు

(చర్చా కార్యక్రమంలో ఒక భాగం. కోచ్ గారి మాటలు చాలాచోట్ల మిగతావాళ్ల గొంతుల్లో కలిసిపోయాయి. వినపడినంత వరకే రాశాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. టెన్‌పిన్ బౌలింగ్‌లో, అంటే బరువైన బంతిని దొర్లించి పది పిన్నులు పడగొట్టే ఆటలో, ఒక మేటి ఆటగాడి లేఔట్ (బంతికి వేళ్ల రంధ్రాలు ఎక్కడ వేయాలో చెప్పే కొలతలు) చూసి, అచ్చం అలాగే తన బంతికీ రంధ్రాలు వేయించుకున్నారు ఈయన. బంతి మాత్రం తిరగాల్సిన చోట తిరగడం లేదు. తప్పెవరిది? అసలు ఈ కోణాలూ కొలతలూ బంతులు అమ్ముకోవడానికి అల్లిన కథలేనా? అందరికీ సమాన సమయం ఇస్తాను. ముందు మీరు చెప్పండి.

ఆటగాడు: డ్రిల్లింగ్ యాంగిల్ 50 డిగ్రీలు, పిన్ (బంతి లోపలి బరువైన కోర్ కొన ఎటుందో చూపే చుక్క) నుంచి పీఏపీకి (బంతి తిరిగే ఇరుసు బిందువుకు) 4 అంగుళాలు, వాల్ యాంగిల్ 30. ఆ రెండు యాంగిల్సూ పిన్‌ను బట్టి రంధ్రాలు పెట్టే కోణాలు. అదే అడిగాను, అదే వేశారు. కానీ బంతి లేన్ (బంతి దొర్లే దారి) మీద పూసిన నూనెపై జారుకుంటూ...

డ్రిల్లర్: మీ పీఏపీ ఎక్కడుంది?

ఆటగాడు: నాది కొలవలేదండీ. సగటు కొలత వాడామన్నారు.

డ్రిల్లర్: అయిపోయింది! ఇక చర్చెందుకు? పక్కవాడి కళ్లద్దాలు పెట్టుకుని అక్షరాలు మసగ్గా ఉన్నాయంటే ఎలా?

వ్యాఖ్యాత: అంటే షాపువాళ్లు ముంచారన్నమాట?

డ్రిల్లర్: నేనలా అన్లేదు. వినండి. బంతి చేతి నుంచి వదిలాక ఒక ఇరుసు చుట్టూ తిరుగుతుంది. ఆ ఇరుసు బంతి ఉపరితలాన్ని తాకే బిందువే పీఏపీ. అది మనిషి మనిషికీ మారుతుంది. ఉందనుకున్న చోట చిన్న టేపు ముక్క అతికించి బంతి వేయండి. టేపు ఊగకుండా ఒకేచోట నిలబడి కనిపిస్తే అదే మీ పీఏపీ. అది తెలియకుండా 50, 4, 30 అంటే లాటరీ నంబరే.

కోచ్: పీఏపీ ముఖ్యమే, కాదనను. అయితే ముందు బంతి పైపొర...

డ్రిల్లర్: (మధ్యలో) ఒక్క నిమిషం సార్, పూర్తి చేయనివ్వండి. సౌష్ఠవమైన కోర్ తీసుకోండి. పిన్‌ను సరిగ్గా పీఏపీ మీద పెడితే ఫ్లేర్ (బంతి దొర్లేకొద్దీ ఇరుసు పక్కకు జరగడం) దాదాపు ఉండదు. 6.75 అంగుళాల దూరంలో పెట్టినా అంతే. ఆ రెండింటికీ మధ్య, 3.375 దగ్గర ఫ్లేర్ ఎక్కువ. బంతి చుట్టుకొలత సుమారు 27 అంగుళాలు కదా, అందులో ఎనిమిదో వంతు. ఇందులో కథ ఎక్కడుందండీ? ఇది జ్యామితి.

వ్యాఖ్యాత: కానీ ఈ జ్యామితి కోసం జనం డబ్బు పెట్టాలి. ఒక్కో లేఔట్‌కు ఒక్కో బంతి. వ్యాపారమే కదా?

కోచ్: నేను చెప్పేదీ అదే. కొత్త బంతి అక్కర్లేదు. మెరుపు తీసి ప్యాడ్‌తో కాస్త గరుకు చేస్తే బంతి ముందే లేన్‌ను పట్టుకుంటుంది. అది కొద్ది నిమిషాల పని. లేఔట్ కన్నా దాని ప్రభావమే...

డ్రిల్లర్: (మధ్యలో) పైపొర కూడా ముఖ్యమే, నేనెప్పుడు కాదన్నాను? కానీ అది రోజూ మార్చుకోవచ్చు, రంధ్రం అంత తేలిగ్గా మార్చలేం! ఒకప్పుడు లేఔట్ బెడిసికొడితే బ్యాలెన్స్ హోల్ (వేళ్ల కోసం కాకుండా బరువు సర్దడానికి వేసే అదనపు రంధ్రం) వేసి సర్దేవాళ్లం. 2020 ఆగస్టు 1 నుంచి అమెరికా బౌలింగ్ సంఘం యూఎస్‌బీసీ దాన్ని నిషేధించింది. పట్టుకోవడానికి వాడని రంధ్రం ఉండకూడదు.

వ్యాఖ్యాత: నిషేధం! ఎవరి లాభం కోసం?

డ్రిల్లర్: లాభం గొడవ కాదండీ. ఆ నిబంధనతోనే స్టాటిక్ బరువు తేడాను (బంతి ఒక సగానికీ మరో సగానికీ మధ్య తేడాను) ఎటువైపైనా 3 ఔన్సుల దాకా అనుమతించారు. అంతకుముందు పక్కలకు 1 ఔన్సే.

వ్యాఖ్యాత: మరి బొటనవేలు పెట్టకుండా రెండు చేతులతో వేసే జేసన్ బెల్మాంటె లాంటివాళ్ల సంగతి? వాళ్లకు లాభమా, నష్టమా?

ఆటగాడు: నేను ఒక చేత్తోనే వేస్తానండీ...

కోచ్: వేలు పెట్టకపోతే ఆ రంధ్రమే ఉండకూడదు, అంతే. దానికీ ఈయన సమస్యకూ సంబంధం లేదు.

డ్రిల్లర్: ఎందుకు లేదు? రంధ్రం పడకపోతే కోర్ మీద ప్రభావం మారుతుంది!

(ఇక్కడ ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. రెండు నిమిషాలు ఏమీ అర్థం కాలేదు.)

ఆటగాడు: నాదొక చిన్న ప్రశ్న. పిన్ వేళ్ల రంధ్రాల పైన ఉండాలా, కింద ఉండాలా?

కోచ్: మామూలుగా వాల్ యాంగిల్ చిన్నదైతే పిన్ పైకి వస్తుంది, బంతి చురుగ్గా మలుపు తీసుకుంటుంది. పెద్దదైతే పిన్ కిందికి, మలుపు నెమ్మదిగా వస్తుంది. మీ వేగం, మీరు ఇచ్చే తిప్పు చూడకుండా...

డ్రిల్లర్: (మధ్యలో) పీఏపీ చూడకుండా! మళ్లీ చెప్తున్నా, పీఏపీ!

వ్యాఖ్యాత: సరే, అంటే డ్రిల్లర్ గారి మాట ప్రకారం షాపులు కొలవకుండానే డబ్బు తీసుకుంటున్నాయి.

డ్రిల్లర్: నేనలా అన్లేదండీ! కొన్ని షాపులు కొలవవు అన్నాను.

కోచ్: అసలు అదీ అన్లేదు మీరు.

ఆటగాడు: మరి నా బంతి ఏం చేయమంటారు?

డ్రిల్లర్: పీఏపీ కొలిపించండి. పాత రంధ్రాలు ప్లగ్ చేసి, అంటే పూడ్చి, కొత్తగా వేయించండి.

కోచ్: అంత తొందరెందుకు? ముందు ప్యాడ్ పెట్టి చూడండి. అది ఖర్చు లేని...

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. పీఏపీ కొలవాలని ఇద్దరు నిపుణులూ ఒప్పుకున్నారు. విరామం తర్వాత బూట్ల అరికాళ్ల మీద...

కోచ్: నేను చెప్పింది అది కాదు, ముందు పైపొర...

(మైక్ ఆపేశారు.)