ఆకాశంలో గుంటలు లేవు, ఆ కుదుపు మన నేలదే!

నమస్కారం. ఇవాళ పలకరింపులు లేవు, నేరుగా విషయానికి వస్తున్నాను. ఆకాశంలో గుంటలు లేవు. మళ్ళీ చెబుతున్నాను, గట్టిగా చెబుతున్నాను: ఆకాశంలో గుంటలు లేవు!

పోయిన వారం పెట్టిన వీడియో మీరంతా చూశారు. నేను నడిపే నాలుగు సీట్ల చిన్న విమానం సెస్నా 172లో బాబాయి, నేను విజయవాడ దగ్గర గన్నవరంలో దిగి, దగ్గరలో ఒక పెళ్ళి చూసుకుని, రాజమండ్రి దగ్గర మధురపూడికి తిరిగి వస్తున్నాం. మధ్యాహ్నం ఒంటిగంట. ఏలూరు దాటాక విమానం ఊగింది, లేచింది, దిగింది. బాబాయి చేతిలోని మజ్జిగ సీసా ఒలికి చొక్కా తడిసింది. జరిగింది అంతే. దాని మీద మీరు రాసినవి చదివాక నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. 'ఎయిర్ పాకెట్‌లో పడ్డారు', 'గాలి లేని చోట విమానం రాయిలా పడుతుంది', 'అగ్గిపెట్టె ఎక్కి ప్రాణం మీదికి తెచ్చుకున్నారు'. ఒకాయన మేము 500 అడుగుల గుంటలో పడ్డామని లెక్క కట్టి మరీ రాశారు.

అయ్యా, ఆ వీడియోను ఆపి ఆపి చూడండి. ఎత్తు చూపే గడియారం తెర మీదే ఉంది. 3,500 అడుగుల దగ్గర ఉన్న ముల్లు 3,420కి దిగింది, రెండు ఊపిరులు తీసేలోపు 3,560కి ఎక్కింది. దిగినది 80 అడుగులు. మా పెరట్లో తాతగారు నాటిన కొబ్బరిచెట్టు ఎత్తు. 500 ఎక్కడిది?

అసలు గాలి లేని చోటు అంటే ఏమిటి? చెరువులో బిందె ముంచి తీస్తారు కదా, తీసిన చోట గుంట మిగులుతుందా? చుట్టూ ఉన్న నీరు వచ్చి కమ్మేస్తుంది. నీటిలో నిలవని గుంట గాలిలో ఎలా నిలుస్తుంది? ఈ ఎయిర్ పాకెట్ అనే మాటను వార్తల్లో చదివేవాళ్ళు వదలరు, చదువుకున్నవాళ్ళూ వదలరు. అది ఉత్త మాట. గాలి అన్ని చోట్లా ఉంది. కాకపోతే ఒకచోట పైకి వెళుతుంది, పక్కనే కిందికి వస్తుంది. విమానం ఒకదానిలో నుంచి ఇంకోదానిలోకి దూరినప్పుడు మనకు కుదుపు.

ఎందుకు పైకి వెళుతుంది? ఇది మన డెల్టా వాళ్ళకు నేను చెప్పాలా! రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండ. దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయిపోయాయి, కాలువలు కట్టేశారు, పొలంలో దుబ్బులు తప్ప ఏమీ లేవు. ఒంటిగంటకు ఆ నేల మీద చెప్పులు లేకుండా పది అడుగులు వేసి చూడండి. ఆ వేడి నేలను ఆనుకున్న గాలి కూడా వేడెక్కి, తేలికపడి లేస్తుంది. గట్టు అవతల చేపల చెరువు ఉంది. నీరు అంత త్వరగా వేడెక్కదు, దాని మీది గాలి లేవదు, పైనుంచి చల్లగాలి అక్కడికి దిగుతుంది. మా విమానం మామూలుగా గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతుంది, అంటే సెకనుకు 55 మీటర్లు. ఎకరం పొలం దాటడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. లేచే గాలిలో నుంచి దిగే గాలిలోకి ఆ వేగంతో దూరితే కుదపకుండా ఎలా ఉంటుంది?

నమ్మకం కుదరకపోతే గద్దను చూడండి. మధ్యాహ్నం పూట పొలాల మీద రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ ఎంత ఎత్తుకు పోతుందో! అది తిరుగుతున్నది లేచే గాలిలోనే. ఉదయం ఏడు గంటలకు అదే గద్ద కరెంటు స్తంభం మీద కూర్చుని ఉంటుంది. గాలి లేవనిదే అది లేవదు.

ఇప్పుడు అసలు సంగతి. దీని కోసమే ఈ వీడియో. బాబాయి జీవితంలో మొదటిసారి విమానం ఎక్కారు. నలభై ఏళ్ళుగా వ్యవసాయం. మొదటి రెండు కుదుపులకు సీటు గట్టిగా పట్టుకున్నారు. మూడో కుదుపుకు కిటికీలోంచి కిందికి చూశారు. అప్పటి నుంచి మీరు ధ్వని పెంచుకుని వినండి. 'అబ్బాయీ, దున్నిన చేను వస్తోంది, లేపుతుంది చూడు' అన్నారు. లేపింది. 'చెరువులు వచ్చాయి, ఇక దించుతుంది' అన్నారు. దించింది. కొవ్వూరు దగ్గర గోదావరి కనపడగానే, 'ఇసుక తిన్నె మీద తంతుంది, నీళ్ళ మీద ఊరుకుంటుంది' అన్నారు. అక్షరాలా అలాగే జరిగింది! ఏలూరు నుంచి గోదావరి దాకా పదకొండు సార్లు ముందే చెప్పారు, తొమ్మిది సార్లు సరిపోయింది. ఏ పరికరమూ చూడలేదు, నేలను చూశారు. నేను శిక్షణలో పుస్తకం పెట్టుకుని నేర్చుకున్నది ఆయన కిటికీలోంచి ఇరవై నిమిషాల్లో పట్టేశారు. నాకు ఒళ్ళు పులకరించింది.

అందుకే నా వాదన ఒక అడుగు ముందుకు వేస్తున్నాను. ఒప్పుకోకపోతే వాదించండి, నేను సిద్ధం. డెల్టా మీద కుదుపులు అంటే డెల్టా పంటల పటమే. వరి ఒకటే ఉన్నప్పుడు కింద ఒకే రంగు పరుపు. ఇప్పుడు చేను పక్కన చెరువు, చెరువు పక్కన ఇటుక బట్టీ, దాని పక్కన కొబ్బరితోట. అతుకుల బొంతలా ఉంది. అతుకు ఉన్న చోటల్లా గాలి మారుతుంది. చెరువులు పెరిగిన కొద్దీ మన ఆకాశంలో కుదుపులు పెరిగాయని నా గట్టి నమ్మకం.

పెద్ద విమానం సంగతి ఏమిటని అడుగుతారు. 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళుతున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 777 మయన్మార్ మీద విపరీతంగా కుదిపింది. ఒక ప్రయాణికుడు చనిపోయారు, ఎంతోమంది గాయపడ్డారు. వార్తల్లో ఏమన్నారు? 6,000 అడుగులు పడిపోయిందన్నారు. దర్యాప్తు వాళ్ళు రికార్డులు తీసి చూస్తే ఆ కుదుపులో దిగినది 178 అడుగులు, 4.6 సెకన్లలో. ఆ 6,000 అడుగులు తరువాత పైలట్లు కావాలని నిదానంగా దించినవి. అక్కడ కూడా గుంట లేదు. బెల్టు పెట్టుకోని వాళ్ళు పైకి లేచి, మళ్ళీ కింద పడి దెబ్బలు తిన్నారు. మా వీడియోలో బాబాయి చొక్కా తడిసింది కానీ మనిషి సీటులో నుంచి అంగుళం కదలలేదు. బెల్టు బిగించింది నేనే.

ఇంకొకటి, 'వేగం పెంచి త్వరగా దాటేయాల్సింది' అన్నవాళ్ళకు. తప్పు, చాలా పెద్ద తప్పు! కుదుపుల్లో వేగం తగ్గించాలి. మా రకం సెస్నాకు నిండు బరువు 1,157 కిలోలు ఉన్నప్పుడు ఆ హద్దు 105 నాట్లు (విమాన వేగం కొలత; ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు). మనుషులు తక్కువై విమానం తేలికగా ఉంటే ఇంకా తగ్గించాలి, 90 దాకా. తేలికైతే ఎందుకు తగ్గించాలి? ఖాళీ ఎడ్లబండి గతుకుల్లో ఎలా ఎగిరిపడుతుందో, ధాన్యం బస్తాలు వేసిన బండి ఎంత నిలకడగా పోతుందో మీకు తెలుసు. అదే ఇది. ఆ వేగంలో ఉంటే గట్టి గాలి తగిలినా రెక్క మీద పడే భారం హద్దు దాటదు. ముల్లు 80 అడుగులు దిగిందని విమానాన్ని వెంటనే పైకి లాగకూడదు. ముక్కు సమంగా పట్టుకుని వదిలేస్తే విమానం తనంతట తాను సర్దుకుంటుంది. వీడియోలో నా చేతులు చూడండి, లాగలేదు.

ఉరుముల మేఘం మాత్రం వేరు. దాన్ని ఈ కుదుపులతో కలపకండి. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ కూలినప్పుడు దర్యాప్తు చెప్పింది, తీవ్రమైన దిగుగాలిలో చిక్కుకుందని. అలాంటి మేఘం పడమట నల్లగా లేస్తే నేను విమానం తాళం కూడా తీయను. మా వీడియోలో ఆకాశం నీలంగా ఉంది, మేఘం ముక్క లేదు. ఉన్నదల్లా ఎండ.

ఇక నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పొద్దున్న ఏడు గంటలకు మధురపూడి నుంచి అదే దారిలో, అదే విమానంలో వెళ్ళాం. గగనమార్గంలో 125 కిలోమీటర్లు, నలభై నిమిషాలు. బాబాయి మజ్జిగ సీసాలో అల కూడా లేవలేదు, కొవ్వూరు వంతెన దాటాక ఆయన నిద్రపోయారు. పెళ్ళి భోజనం అయ్యాక సాయంత్రం ఐదు దాకా ఆగాల్సింది. బాబాయికి పొలం పని ఉందని ఒంటిగంటకే బయలుదేరాను. ప్రమాదం లేదు, కానీ మొదటిసారి ఎక్కిన పెద్దాయనకు ఆ ఇబ్బంది పెట్టకుండా ఉండాల్సింది. అందుకే వేసవిలో మన డెల్టా మీద ఉదయం పది దాటితే సాయంత్రం దాకా చిన్న విమానం నేల మీదే ఉండాలని నా నియమం. ఆ రోజు దాన్ని నేనే మీరాను.

ఏలూరు నుంచి కొవ్వూరు దాకా మేము దాటిన ఊళ్ళ వాళ్ళు ఇది చూస్తూ ఉంటే నాకొక సాయం చేయండి. ఆ మధ్యాహ్నం మీ పొలంలో ఏముంది? దుబ్బులా, దుక్కా, చెరువా, తోటా? ఊరి పేరు, పొలం ఏ వైపు ఉందో రాయండి. వీడియోలో కుదుపు ఏ నిమిషంలో వచ్చిందో పక్కన పెట్టి చూస్తాను. బాబాయి లెక్క తప్పిన ఆ రెండు చోట్ల కింద ఏముందో నాకు తెలియాలి.