పోల్ సా కొనేటప్పుడు పొడుగు కాదు, మూతి బరువు చూడండి

అందరికీ నమస్కారం. అమ్రాబాద్ అడవి నుంచి వచ్చిన వాచర్ అన్నలున్నారు, దేవరకొండ వైపు టేకు రైతులున్నారు, రోడ్డు పక్క చెట్లు చూసుకునే వాళ్లున్నారు. పోల్ సా, అంటే పొడుగు పైపు కొసన రంపం ఉండి, కింద నిలబడే ఎత్తు కొమ్మలు కోసే మిషన్, కొందామని షాపుకు పోగానే మనవాళ్లు అడిగే మొదటి మాట ఒకటే: "పొడుగు ఎంతుంటది?" నేను అడగమనేది వేరే. పైపు మొత్తం లాగినాక మూతి దగ్గర, అంటే రంపం ఉన్న కొసన, బరువు ఎంత?

పెట్రోల్ మిషన్‌లో ఇంజిన్ వెనక, మన నడుము పక్కన ఉంటుంది. పైపు లోపల సన్నటి షాఫ్ట్ తిరిగి, కొసన ఉన్న చైన్‌ను నడుపుతుంది. సెట్ మొత్తం ఏడెనిమిది కిలోలున్నా వెనక బరువు ముందు బరువును ఆపుతుంది. తక్కువ ధరకు దొరికే కరెంటు, బ్యాటరీ రంపాల్లో చాలావాటికి మోటారు కొసనే పెడతారు. అట్టపెట్టె మీద నాలుగు కిలోలే అని రాసి ఉంటుంది. ఆ నాలుగింట్లో ఎక్కువ భాగం మీకు మూడు మీటర్ల దూరంలో, తల కంటే ఎత్తున ఊగుతుంటుంది. పది నిమిషాలకే భుజాలు గుంజుతాయి, మూతి కిందికి వాలుతుంది, అనుకున్నచోట చైన్ ఆనదు. ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

అందుకని షాపులోనే చూసుకోవాలి. బెల్టు వేసుకుని, పైపు పూర్తిగా లాగి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే నేలకు 60 డిగ్రీల వాలులో రెండు నిమిషాలు పట్టుకోండి. షాపతను నవ్వితే నవ్వనివ్వండి. చేతులు వణికాయంటే ఆ మిషన్ మీది కాదు. లాగే పైపు ఉన్నవి పొడుగులో నాలుగు మీటర్లకు అటూ ఇటూ ఉంటాయి. మనిషి ఎత్తు కలుపుకుంటే ఐదు మీటర్ల ఎత్తు కొమ్మ అందుతుంది. ఆపైన కొమ్మ కోసం ట్రాలీ ఎక్కి, నిచ్చెన ఎక్కి రంపం పట్టేవాళ్లను చూస్తున్నాం. దయచేసి వద్దు.

టేకు రైతులకు ఒక మాట. మొదటి మూడు నాలుగేళ్లు మీకు ఇంజిన్ రంపమే అక్కర్లేదు. పక్క కొమ్మ బొటనవేలంత ఉన్నప్పుడే తీస్తే కట్టెలో ముడి చిన్నగా ఉంటుంది, ధర నిలుస్తుంది. దానికి పొడుగు కర్రకు బిగించిన చేతి రంపం చాలు. కొమ్మ మణికట్టంత అయ్యేదాకా వదిలేసిన తోటల్లోనే పోల్ సా పని. గడ్డి, పొదలు కోసే బ్రష్ కట్టర్ ఉన్నవాళ్లు దానికే తగిలించే రంపం మూతి కొనుక్కోవచ్చు, ఏడాదికి నాలుగు రోజుల పనికి సరిపోతుంది. కొనేముందు పైపు మందం 26 మిల్లీమీటర్లా, 28యా, లోపలి రాడ్‌కు పళ్లు ఏడా, తొమ్మిదా చూసుకోవాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా అది ఎక్కదు.

కరెంటు లేని బేస్ క్యాంపుల్లో పనిచేసే అన్నలకు పెట్రోలే దిక్కు. 25 నుంచి 36 సీసీ దాకా ఉన్నవి సరిపోతాయి. ఇప్పుడు బంకులో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను లాక్కుంటుంది. ఆయిల్ కలిపిన పెట్రోల్‌ను నెలల తరబడి ట్యాంకులో ఉంచితే కార్బొరేటర్ మొరాయిస్తుంది. సీజన్ అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా నడపండి. ఆయిల్ లీటరుకు 20 మిల్లీలీటర్లా, 40 మిల్లీలీటర్లా అనేది మిషన్ పుస్తకంలో ఉంటుంది. పక్కవాడు చెప్పింది పోయొద్దు.

బ్యాటరీవి మంచివి లేవని కాదు. మోటారు వెనక ఉన్న 36 వోల్టుల రకం రోడ్డు పక్క పనికి బాగుంటుంది, చప్పుడు తక్కువ, కింద ఉన్నవాడు కేకేస్తే వినపడుతుంది. అయితే మన నల్లగొండ ఎండల్లో బండి మీద పెట్టిన బ్యాటరీ కాగిపోతుంది. వేడి మీద ఛార్జింగ్ పెడితే చాలా ఛార్జర్లు తీసుకోవు. నీడన చల్లారనిచ్చి పెట్టాలి, ఇంకో బ్యాటరీ చేతిలో ఉండాలి.

ఇక చైన్. టేకు కట్టెలో సహజంగానే ఇసుక గుణం, అంటే సిలికా ఉంటుంది. పదును త్వరగా పోతుంది. రాలే పొట్టును చూడండి. రేకులు రేకులుగా పడితే చైన్ బాగున్నట్టు, పిండిలా పడితే మొద్దుబారినట్టు. మొద్దు చైన్‌ను బలంగా నొక్కితే బార్, అంటే చైన్ తిరిగే పట్టీ, కాలి నల్లబడుతుంది. గుండ్రటి ఆకురాయి జేబులో ఉండాలి. చైన్‌ను బట్టి దాని సైజు మారుతుంది, అందుకే రంపంతోపాటే కొనండి.

కొమ్మను దాని మొదలు దగ్గర ఒకేసారి కోయకండి. కాండానికి జానెడు దూరంలో ముందు కింది నుంచి కొంచెం గాటు, తర్వాత కాస్త అవతల పై నుంచి కోత. బరువు పడిపోయాక మిగిలిన మోడును, కొమ్మ మొదలు దగ్గర ఉబ్బుగా కనిపించే ముడతకు తగలకుండా, దాని పక్కగా తీసేయండి. గాటు లేకుండా పైనుంచే కోస్తే బెరడు కాండం పొడుగునా చీల్చుకుపోతుంది. కొమ్మ కింద నిలబడకూడదు, పక్కన ఉండాలి. మిగతావాళ్లు 15 మీటర్లు దూరంగా ఉండాలి. కోసేముందు తేనెపట్టు ఉందేమో ఒకసారి పైకి చూడండి. పెద్ద తేనెటీగలు లేచాయంటే హెల్మెట్ కాపాడదు. తొడకంటే లావు కొమ్మల జోలికి ఈ రంపంతో పోవద్దు. మహబూబ్‌నగర్‌లోని మన పిల్లలమర్రి చెట్టు కొమ్మల్ని కింద కాంక్రీటు దిమ్మెలు కట్టి నిలబెట్టారంటే వాటి బరువు ఎంతో ఊహించండి.

అన్నిటికంటే భయపడాల్సింది కరెంటు తీగలకే. ఈ పైపుల్లో ఎక్కువ భాగం అల్యూమినియంవే. ఫైబర్ పైపైనా చివర బార్, చైన్ ఇనుమే, పచ్చి కొమ్మ కూడా కరెంటును మోస్తుంది. 11 కేవీ లైన్‌కు తాకనక్కర్లేదు, దగ్గరికి పోయినా ఎగిరి కొడుతుంది. 15 మీటర్ల లోపు లైన్ ఉంటే లైన్‌మన్‌తో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపి ఇచ్చే అనుమతి) తీసుకున్నాకే రంపం లేపండి.

బయట వేపచెట్టు కింద రెండు మిషన్లు పెట్టాం. ఒకదానికి మోటారు కొసన, ఇంకోదానికి వెనక. స్టార్ట్ చేయకుండా ఒక్కొక్కరూ రెండు నిమిషాలు పట్టుకుని చూడండి, ఆ తర్వాత ప్రశ్నలు అడుగుదురు.